ఫిలిప్ పెటేన్

ఫిలిప్ పెటేన్ (ఏప్రిల్ 24, 1856 - జూలై 23, 1951) ఫ్రాన్సు దేశానికి చెందిన సైన్యాధిపతి, రాజకీయ నాయకుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ కోటను జర్మన్ల చేత చిక్కకుండా కాపాడి జాతీయ వీరునిగా కీర్తి పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయిన తరువాత విషీ పట్టణం కేంద్రంగా ఏర్పడిన ప్రభుత్వానికి 1940 నుండి 1944 వరకు అధినేతగా ఉండి, దేశాన్ని ఆక్రమించిన జర్మన్లతో చేతులు కలిపాడు. యుద్ధానంతరం దేశద్రోహ నేరంపై మరణశిక్షకు గురై, ఆ శిక్ష యావజ్జీవ ఖైదుగా మారగా 95 యేళ్ళ వయసులో ఖైదీగానే మరణించాడు. ఒకే వ్యక్తి ఒకే దేశంలో ఇంతటి గౌరవాన్నీ ఇంతటి అపకీర్తినీ చవిచూడటం చరిత్రలో అరుదు.

బాల్యం, తొలి ఉద్యోగ జీవితం

పెటేన్ ఉత్తర ఫ్రాన్సులోని పా-ద-కలే ప్రాంతంలో కోషీ-ఆ-లా-తూర్ అనే చిన్న గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తల్లి మరణించింది. కుటుంబ పెద్దలలో ఒక వృద్ధ మతగురువు యౌవనంలో నెపోలియన్ సైన్యంలో పనిచేసినవాడు. ఆయన చెప్పిన యుద్ధకథలు బాలునిపై ప్రభావం చూపాయని అంటారు. 1876లో సేంట్-సీర్ సైనిక పాఠశాలలో చేరి పదాతిదళ అధికారి అయ్యాడు.

ఇతని పదోన్నతులు చాలా నెమ్మదిగా సాగాయి. ఆనాటి ఫ్రెంచి సైన్యంలో ఏది ఏమైనా ముందుకు దూకి దాడి చేయాలన్న సిద్ధాంతం రాజ్యమేలుతుండేది. పెటేన్ సైనిక కళాశాలలో అధ్యాపకునిగా ఇందుకు విరుద్ధమైన పాఠం చెప్పాడు. ఫిరంగులు, మెషిన్ గన్నులు ఎదురుగా ఉన్నప్పుడు సైనికుల ధైర్యం ఒక్కటే చాలదని, శత్రువును మందుగుండుతో అణచిన తరువాతనే పదాతిదళం కదలాలని ఇతని వాదన. ఇది పై అధికారులకు రుచించలేదు. 1914లో యుద్ధం మొదలయ్యేనాటికి ఇతనికి 58 యేళ్ళు, హోదా కర్నల్ మాత్రమే. పదవీ విరమణ దగ్గర పడింది. ఇతడు నడిపిన 33వ పదాతి రెజిమెంటులో 1912లో కొత్తగా చేరిన ఒక యువ అధికారి పేరు ఛార్లెస్ డిగాల్. వీరిద్దరి దారులు తరువాత మరోసారి, మరో విధంగా కలుసుకున్నాయి.

వెర్డన్ వీరుడు

యుద్ధం మొదటి నెలల్లోనే పాత సిద్ధాంతం లక్షల ప్రాణాలను బలిగొన్నది. అంతవరకు వినేవారు లేని పెటేన్ మాటకు ఒక్కసారిగా విలువ వచ్చింది. 1914 ఆగస్టులో జనరల్ హోదా పొందిన ఇతడు ఏడాది తిరిగేలోగా రెండవ సైన్యానికి అధిపతి అయ్యాడు.

1916 ఫిబ్రవరి 21న జర్మన్లు వెర్డన్ పై దాడి ప్రారంభించారు. నాలుగైదు రోజులలోనే అక్కడి రక్షణ బాధ్యత పెటేన్ కు అప్పగించబడింది. ఆ పట్టణానికి వెళ్ళే ప్రధాన రైలు మార్గాలను శత్రువు తెంచివేశాడు. మిగిలింది బార్-ల-దూక్ నుండి వచ్చే సుమారు 70 కిలోమీటర్ల ఇరుకు రోడ్డు, దాని ప్రక్కన ఒక చిన్న రైలు పట్టా. పెటేన్ ఆ రోడ్డుపై రేయింబవళ్ళు లారీలు ఆగకుండా తిరిగే ఏర్పాటు చేయించాడు. చెడిపోయిన లారీని ప్రక్కకు నెట్టివేయడం, రోడ్డు గుంటలను కూలీలు ఎప్పటికప్పుడు కంకరతో పూడ్చడం నియమం. తరువాతి కాలంలో దానికి పవిత్ర మార్గం అన్న పేరు స్థిరపడింది. ఇంకొక మార్పు సైనికుల వంతుల విషయంలో జరిగింది. ఒకే దళాన్ని చచ్చేవరకు కందకాలలో ఉంచక, కొద్ది రోజులకొకసారి వెనుకకు రప్పించి మరొక దళాన్ని పంపేవాడు. దీనివల్ల ఫ్రెంచి డివిజన్లలో మూడింట రెండు వంతులకు పైగా ఏదో ఒక సమయంలో వెర్డన్ లో పోరాడాయి. కనుక యుద్ధం తరువాత ఫ్రాన్సులో దాదాపు ప్రతి గ్రామంలోనూ పెటేన్ క్రింద పనిచేశానని చెప్పుకొనే మాజీ సైనికుడు ఒకడైనా ఉండేవాడు. 1940లో జనం ఇతనిని అంత గుడ్డిగా ఎందుకు నమ్మారో ఈ విషయం తెలియకపోతే అర్థం కాదు.

వెర్డన్ పోరు 1916 డిసెంబరు వరకు సాగింది. ఇరుపక్షాలలో కలిపి సుమారు 3 లక్షల మంది చనిపోయారు. 1917 వసంతంలో జనరల్ నివెల్ జరిపిన దాడి ఘోరంగా విఫలమైన తరువాత పలు దళాలు ముందుకు కదలబోమని తిరుగుబాటు చేశాయి. అప్పుడు సర్వసేనాధిపతిగా నియమితుడైన పెటేన్ తిరుగుబాటును చల్లార్చాడు. సైనిక న్యాయస్థానాలు వందలాది మరణశిక్షలు విధించగా అందులో కొన్ని పదులు మాత్రమే అమలయ్యాయి. సెలవులు పెంచాడు, భోజనం మెరుగుపరిచాడు, వృథా దాడులను ఆపించాడు. సైనికుల ప్రాణాలను పొదుపుగా వాడిన సేనాధిపతి అన్న పేరు ఇతనికి అలా వచ్చింది. 1918 నవంబరులో ఫ్రాన్సు అత్యున్నత సైనిక గౌరవమైన మార్షల్ బిరుదు పొందాడు.

రెండు యుద్ధాల మధ్య

1925-26లో మొరాకోలో రిఫ్ తిరుగుబాటును అణచివేసిన సేనలకు నాయకత్వం వహించాడు. 1929లో ఫ్రెంచి అకాడెమీకి ఎన్నికయ్యాడు. 1934లో కొద్ది నెలలు యుద్ధమంత్రిగా పనిచేశాడు. 1939 మార్చిలో ఫ్రాంకో పాలనలోని స్పెయిన్ కు రాయబారిగా వెళ్ళాడు. తన పేరుతో వెలువడవలసిన ఒక గ్రంథం కోసం డిగాల్ చేత వ్రాయించిన భాగాలను డిగాల్ 1938లో తన సొంత పేరుతో ప్రచురించటంతో ఇద్దరి మధ్య స్నేహం చెడింది. పార్లమెంటు, పార్టీలు, ఉపాధ్యాయ సంఘాలు దేశాన్ని బలహీనపరుస్తున్నాయన్న అభిప్రాయం ఈ కాలంలో పెటేన్ లో గట్టిపడింది.

1940: ఓటమి, అధికారం

1940 మే 10న మొదలైన జర్మన్ దాడికి ఫ్రెంచి సైన్యం ఆరు వారాలు కూడా నిలువలేకపోయింది. ప్రధానమంత్రి పాల్ రేనో ప్రజలకు ధైర్యం కలిగించటానికి మే 18న పెటేన్ ను ఉపప్రధానిగా తీసుకున్నాడు. 84 యేళ్ళ మార్షల్ మంత్రివర్గంలో చేరి పోరాటాన్ని కొనసాగించాలనే వారికి కాక, ఆపాలనే వారికి పెద్ద దిక్కయ్యాడు. ప్రభుత్వం ఉత్తరాఫ్రికాకు తరలిపోయి అక్కడినుండి యుద్ధం సాగించాలన్న ఆలోచనను ఇతడు తిరస్కరించాడు. నాయకులు స్వదేశపు నేలను విడిచి పోరాదన్నది ఇతని పట్టు. జూన్ 16న ప్రధాని అయ్యాడు.

మరునాడే రేడియోలో మాట్లాడుతూ పోరాటం మానుకోవలసిన సమయం వచ్చిందని ప్రకటించాడు. అప్పటికి యుద్ధవిరామ ఒప్పందం కుదరలేదు, చర్చలైనా మొదలు కాలేదు. ఆ ప్రసంగం విని అనేక దళాలు ఆయుధాలు దించివేశాయి. చివరకు జర్మనీ శిబిరాలకు తరలింపబడిన 15 లక్షలకు పైగా ఫ్రెంచి బందీలలో అనేకులు ఈ ఆఖరి రోజులలో పట్టుబడినవారే. జూన్ 18న డిగాల్ లండన్ నుండి పోరాటం కొనసాగించమని పిలుపునిచ్చాడు. విషీ ప్రభుత్వపు సైనిక న్యాయస్థానం 1940 ఆగస్టులో అతనికి అతని పరోక్షంలో మరణశిక్ష విధించింది.

యుద్ధవిరామ ఒప్పందం జూన్ 22న జరిగింది. దాని ప్రకారం ఉత్తర, పశ్చిమ ప్రాంతాలు, అనగా దేశంలో సుమారు ఐదింట మూడు వంతుల భూభాగం, జర్మన్ సైన్యం అధీనంలోకి వెళ్ళింది. ఆక్రమణకు అయ్యే ఖర్చు ఫ్రాన్సే భరించాలి. ఆ ఖర్చు రోజుకు 40 కోట్ల ఫ్రాంకులుగా నిర్ణయించబడింది. మార్కు విలువను కృత్రిమంగా పెంచి 20 ఫ్రాంకులుగా లెక్కకట్టటంతో జర్మన్ సైనికులు ఫ్రెంచి దుకాణాలలోని సరుకును కారుచౌకగా కొనుక్కోగలిగారు. యుద్ధబందీలు శాంతి ఒప్పందం కుదిరేవరకు జర్మనీలోనే ఉండాలి. ఇంగ్లాండు కొద్ది వారాలలో లొంగిపోతుందని, శాంతి ఒప్పందం వెంటనే వస్తుందని పెటేన్ వర్గం లెక్క వేసుకుంది. ఆ లెక్క తప్పింది. తాత్కాలికమనుకున్న షరతులు నాలుగేళ్ళు కొనసాగాయి.

జూలై 10న విషీలో సమావేశమైన పార్లమెంటు ఉభయసభలు 569-80 ఓట్లతో పెటేన్ కు సర్వాధికారాలు అప్పగించాయి. రిపబ్లిక్ అన్న పేరు పోయి ఫ్రెంచి రాజ్యం అన్న పేరు వచ్చింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న నినాదం స్థానంలో శ్రమ, కుటుంబం, మాతృభూమి అన్నవి నాణేల మీదికి ఎక్కాయి. ఇవేవీ జర్మన్లు అడిగినవి కావు. ఓటమిని అదనుగా తీసుకొని దేశాన్ని తమ ఇష్టానుసారం మలచుకోవాలని విషీ నాయకులు చేసిన ప్రయత్నాలివి.

ఫ్రెంచి వలసరాజ్యాలు ఎవరి పక్షం వహించాలన్న ప్రశ్న మన ప్రాంతం వరకు వచ్చింది. చుట్టూ బ్రిటిషు భూభాగం ఉన్న ఫ్రెంచి ఇండియా గవర్నర్ లూయీ బొన్వాన్ 1940 సెప్టెంబరులో డిగాల్ పక్షాన చేరాడు. ఆ విధంగా పుదుచ్చేరితో పాటు గోదావరి తీరంలోని యానాం కూడా పెటేన్ పాలన నుండి తొలగింది.

మాంటువార్ సమావేశం, సహకార విధానం

1940 అక్టోబరు 24న మాంటువార్ రైల్వే స్టేషనులో పెటేన్ హిట్లర్ ను కలుసుకున్నాడు. వారు కరచాలనం చేస్తున్న ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైంది. అక్టోబరు 30న రేడియో ప్రసంగంలో తాను సహకార మార్గాన్ని స్వచ్ఛందంగా ఎంచుకున్నట్లు పెటేన్ ప్రజలకు తెలిపాడు. కొలాబరేషన్ అన్న మాటకు అంతకు ముందు కలిసి పనిచేయడం అన్న మంచి అర్థమే ఉండేది. ఆ తరువాత ఫ్రెంచిలోను, ఇంకా అనేక ఐరోపా భాషలలోను శత్రువుకు ఊడిగం చేయడం అన్న అర్థం దానికి అంటుకొని నేటికీ వదలలేదు. సహకారం అనగానే సహకార సంఘాలు గుర్తుకు వచ్చే తెలుగు పాఠకునికి ఈ తేడా కాస్త వింతగా తోచవచ్చు.

మాంటువార్ లో పెటేన్ కు దక్కింది స్వల్పం. బందీల విడుదల జరగలేదు, ఆక్రమణ ఖర్చు తగ్గలేదు. ఒప్పందానికి విరుద్ధంగా ఆల్సేస్-లొరైన్ ప్రాంతాన్ని జర్మనీ తనలో కలుపుకొని, తరువాత అక్కడి యువకులను సుమారు 1,30,000 మందిని బలవంతంగా తన సైన్యంలో చేర్చుకున్నది. దీనిపై విషీ ప్రభుత్వం నిరసన పత్రాలు పంపి ఊరుకుంది. సహకార విధానానికి ప్రధాన ప్రతినిధి అయిన పియర్ లావాల్ ను పెటేన్ 1940 డిసెంబరులో పదవి నుండి తొలగించిన మాట నిజమే. అయితే అతని తరువాత అధికారం పొందిన అడ్మిరల్ డార్లాన్ అదే విధానాన్ని కొనసాగించాడు. 1942 ఏప్రిల్ లో జర్మన్ల ఒత్తిడితో లావాల్ తిరిగి వచ్చాడు.

1941 అక్టోబరులో నాంట్ పట్టణపు జర్మన్ సేనాధికారి హత్యకు ప్రతీకారంగా జర్మన్లు ఒకే రోజున 48 మంది బందీలను కాల్చి చంపారు. పెటేన్ చలించిపోయి, సరిహద్దు రేఖ వద్దకు వెళ్ళి తననే బందీగా తీసుకొనమని జర్మన్లను కోరాలని సంకల్పించాడు. మంత్రులు వారించగా విరమించుకున్నాడు. ఆనాడు వెళ్ళి ఉంటే ఇతని చరిత్ర మరొకలా ఉండేదేమో. కాని అంతకు రెండు నెలల ముందు, జర్మన్లను శాంతింపజేయటానికి, పాత తేదీ వేసిన ఒక చట్టంతో ప్రత్యేక న్యాయస్థానాలను ఏర్పరచి, ఆ హత్యలతో ఏ సంబంధమూ లేని కమ్యూనిస్టు ఖైదీలకు మరణశిక్షలు వేయించినది కూడా ఇతని ప్రభుత్వమే.

యూదుల పట్ల విధానం

పెటేన్ పాలనలో అన్నిటికంటే తీవ్రమైన విషయం ఇది. 1940 అక్టోబరు 3 నాటి శాసనం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి, విద్యాబోధన నుండి, పత్రికలు, రేడియో, సినిమా రంగాల నుండి వెలివేసింది. మరునాటి చట్టం విదేశీ యూదులను నిర్బంధ శిబిరాలలో ఉంచే అధికారాన్ని జిల్లా అధికారులకు ఇచ్చింది. అదే వారంలో అల్జీరియా యూదులకు 1870 నుండి ఉన్న ఫ్రెంచి పౌరసత్వం రద్దయింది. వీటిని చేయమని జర్మన్లు విషీని ఆదేశించలేదు. చుట్టూ ఉన్నవారు చేసినదానికి వృద్ధుడైన మార్షల్ సంతకం పెట్టాడని చాలాకాలం సర్దిచెప్పేవారు. 2010లో ఆ శాసనపు చిత్తుప్రతి ఒకటి బయటపడింది. దానిపై పెటేన్ చేతివ్రాతగా గుర్తించిన సవరణలు ఉన్నాయి. 1860కి ముందు నుండి ఫ్రెంచివారైన యూదు కుటుంబాలకు ఇవ్వదలచిన మినహాయింపును అక్కడ కొట్టివేశారు, నిషేధాన్ని బోధనారంగమంతటికీ విస్తరించారు.

1942 జూలై 16, 17 తేదీలలో పారిస్ లో సుమారు 13,000 మంది యూదులను అరెస్టు చేశారు. వారిలో 4,000 మందికి పైగా పిల్లలు. అరెస్టులు చేసింది ఫ్రెంచి పోలీసులు, వాడింది ఫ్రెంచి అధికారులు తయారు చేసిన జాబితాలు. ఆక్రమిత ప్రాంతంలో జర్మన్ పోలీసుల సంఖ్య తక్కువ. స్థానిక యంత్రాంగం తోడ్పాటు లేనిదే ఇంతటి పని వారి వల్ల అయ్యేది కాదు. ఆగస్టులో, ఒక్క జర్మన్ సైనికుడు కూడా లేని దక్షిణ ప్రాంతం నుండి సైతం సుమారు 10,000 మంది విదేశీ యూదులను విషీ ప్రభుత్వం అప్పగించింది. తూలూజ్ ఆర్చిబిషప్ సలియేజ్ దీనిని చర్చిలలో బహిరంగంగా ఖండించాడు. మొత్తం మీద ఫ్రాన్సు నుండి సుమారు 76,000 మంది యూదులు తరలింపబడ్డారు. వారిలో తిరిగి వచ్చినవారు సుమారు 2,500 మంది.

1927 తరువాత పౌరసత్వం పొందిన యూదులకు దానిని రద్దు చేయాలన్న జర్మన్ల కోరికను 1943 ఆగస్టులో పెటేన్, లావాల్ నిరాకరించారు. ఫ్రాన్సులోని యూదులలో దాదాపు నాలుగింట మూడు వంతులమంది బ్రతికి బయటపడ్డారు కూడా. ఇందులో విషీ పాత్ర ఎంత, వారిని ఇళ్ళలో, మఠాలలో, పల్లెలలో దాచిన సామాన్యుల పాత్ర ఎంత అన్న చర్చ సాగుతూనే ఉన్నది. ఐతే పై నిరాకరణ వల్ల తెలిసేది మరొకటి ఉన్నది. కాదనటం ఆ ప్రభుత్వానికి సాధ్యమే. 1942లో ఆ పని చేయలేదు.

పతనం

1942 నవంబరు 8న మిత్రరాజ్యాల సైన్యాలు ఉత్తరాఫ్రికాలో దిగాయి. నవంబరు 11న జర్మన్లు దక్షిణ ఫ్రాన్సును కూడా ఆక్రమించుకున్నారు. విమానంలో అల్జీర్స్ వెళ్ళిపొమ్మని సన్నిహితులు కొందరు బ్రతిమాలినా పెటేన్ కదలలేదు. నవంబరు 27న తూలోన్ రేవులోని ఫ్రెంచి నౌకాదళం జర్మన్లకు చిక్కకుండా తన నౌకలను తానే ముంచివేసుకున్నది. సొంత భూభాగం, నౌకాదళం రెండూ పోయిన తరువాత విషీకి బేరమాడటానికి ఏమీ మిగలలేదు. 1943 ఫిబ్రవరి చట్టంతో ఫ్రెంచి యువకులను జర్మనీ కర్మాగారాలకు బలవంతంగా పంపటం మొదలైంది. మొత్తం 6 లక్షల మందికి పైగా అలా వెళ్ళారు. తప్పించుకొన్నవారిలో కొందరు అడవులలో ప్రతిఘటన దళాలలో చేరారు. వారిని వేటాడటానికి మిలీస్ అనే సాయుధ దళం ఏర్పడింది. దాని అకృత్యాలను పెటేన్ ఖండించినది 1944 ఆగస్టులో, అంతా ముగిసిపోతున్నప్పుడు.

1944 ఏప్రిల్ 26న పెటేన్ పారిస్ కు వెళ్ళగా పెద్ద జనసమూహం జయధ్వానాలు చేసింది. నాలుగు నెలల తరువాత అదే పారిస్ డిగాల్ కు స్వాగతం పలికింది. ఆగస్టు 20న జర్మన్లు ఇతనిని విషీ నుండి బలవంతంగా తీసుకుపోయి, తరువాత జర్మనీలోని జిగ్మరింగెన్ కోటలో ఉంచారు. అక్కడ ప్రభుత్వాధినేతగా వ్యవహరించటానికి ఇతడు ఒప్పుకోలేదు. 1945 ఏప్రిల్ 24న, తన 89వ పుట్టినరోజున, స్విట్జర్లాండులో ప్రవేశించాడు. అక్కడే ఆశ్రయం పొందే వీలున్నా ఫ్రాన్సు సరిహద్దుకు వెళ్ళి స్వయంగా లొంగిపోయాడు.

విచారణ, శిక్ష, మరణం

విచారణ 1945 జూలై 23న పారిస్ లో మొదలైంది. తాను ప్రజలను కాపాడే డాలునయ్యానని, ఈ న్యాయస్థానానికి తనను విచారించే అధికారం లేదని తెలిపే ప్రకటన చదివి, అటుపై ఇతడు దాదాపు మౌనంగా ఉండిపోయాడు. జాక్ ఇజోర్నీ తదితరులు ఇతని తరఫున వాదించారు. వాదోపవాదాలు ఎక్కువగా 1940 ఒప్పందం చుట్టూ, సర్వాధికారాల చుట్టూ తిరిగాయి. యూదుల తరలింపునకు దక్కిన చోటు తక్కువ. ఆనాటి ఫ్రాన్సుకు తన ఓటమి గాయమే పెద్దదిగా కనిపించింది. ఆగస్టు 15న న్యాయస్థానం స్వల్ప ఆధిక్యతతో మరణశిక్ష విధిస్తూనే, వయసు దృష్ట్యా అమలు చేయవద్దని సూచించింది. రెండు రోజులకు డిగాల్ దానిని యావజ్జీవ ఖైదుగా మార్చాడు. అయిదేళ్ళ క్రితం పెటేన్ ప్రభుత్వం మరణశిక్ష వేసినది ఇతనికే. లావాల్ కు మాత్రం క్షమాభిక్ష దొరకలేదు, అక్టోబరులో కాల్చి చంపారు.

పెటేన్ ను మొదట పిరనీస్ పర్వతాలలోని పోర్తలే కోటలో, నవంబరు నుండి అట్లాంటిక్ తీరంలోని యూ ద్వీపంలో ఉంచారు. చివరి యేళ్ళలో జ్ఞాపకశక్తి బాగా క్షీణించింది. 1951 జూలై 23న, విచారణ మొదలైన తేదీనే, అక్కడ మరణించాడు.

చరిత్రకారుల అంచనా

యుద్ధానంతరం కొంతకాలం డాలు-కత్తి వాదం ప్రచారంలో ఉండేది. డిగాల్ కత్తి అయితే పెటేన్ డాలు అని, ఇద్దరూ తమ తమ రీతిలో ఫ్రాన్సును కాపాడారని దీని సారాంశం. 1954లో రాబర్ట్ ఆరోన్ వ్రాసిన విషీ చరిత్ర ఇందుకు దగ్గరగా ఉన్నది. 1972లో అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్టన్ జర్మన్ ప్రభుత్వ పత్రాలను పరిశీలించి, సహకారాన్ని పదే పదే కోరినది విషీయేనని, హిట్లర్ కు దానిపై అంత ఆసక్తి లేదని చూపాడు. 1995 జూలై 16న అధ్యక్షుడు జాక్ షిరాక్ యూదుల అరెస్టులలో ఫ్రెంచి రాజ్యపు బాధ్యతను అధికారికంగా అంగీకరించాడు. అంతవరకు అధ్యక్షులు ఆ ప్రభుత్వం ఫ్రాన్సే కాదన్నట్లు వ్యవహరించారు. అధ్యక్షుడు మిత్తెరాన్ 1992 వరకు కొన్నేళ్ళపాటు నవంబరు 11న పెటేన్ సమాధికి పుష్పగుచ్ఛం పంపేవాడు, విమర్శలు రావటంతో మానుకున్నాడు.

తనను వెర్డన్ సమీపంలోని దూవమోన్ లో, తన సైనికుల మధ్య పాతిపెట్టాలని పెటేన్ కోరుకున్నాడు. ఏ ప్రభుత్వమూ అందుకు అంగీకరించలేదు. 1973 ఫిబ్రవరిలో ఇతని అభిమానులు కొందరు రాత్రివేళ సమాధి త్రవ్వి శవపేటికను దూవమోన్ కు చేర్చాలని ప్రయత్నించారు. కొద్ది రోజులలోనే పోలీసులు శవపేటికను కనుగొని తిరిగి యూ ద్వీపంలోనే సమాధి చేయించారు.